ముందు వెచ్చదనం, తర్వాతే పాలు: తొలిచూలు కుందేలు పిల్లల్ని బతికించుకోవడం

మా కుందేలు దూది మొదటిసారి పిల్లలు పెట్టిన తెల్లవారుజామున నేను చేసిన మొదటి పనే తప్పు పని.

బోనులో జాలీ మీద అక్కడొకటి ఇక్కడొకటిగా ఐదు పిల్లలు పడి ఉన్నాయి. ఒంటి మీద నూగు కూడా లేదు. కళ్లు మూసుకుని ఉన్నాయి. ఒక్కొక్కటి నా బొటనవేలికన్నా కాస్త పెద్దది. మూడు రోజుల ముందే ముచ్చటపడి సర్దిపెట్టిన గూడు పెట్టె పక్కనే ఖాళీగా ఉంది. దూది ఓ మూల కూర్చుని, ఇవెవరి పిల్లలో అన్నట్టు గడ్డి నములుతోంది. నేను కంగారుగా చేతికందిన పిల్లను తీసుకున్నాను. మంచుముక్కలా ఉంది. ఆకలితో నీరసించిందనుకుని డ్రాపర్‌తో నోట్లో నాలుగు చుక్కల పాలు వేశాను. అది మింగలేకపోయింది. పది నిమిషాల్లో పోయింది. ఆ పిల్లకు అప్పుడు కావలసింది వేడి. ఆ సంగతి సాయంత్రం డాక్టరుగారు చెప్పేసరికి ఇంకో రెండు కూడా పోయాయి.

మిగిలిన మూడూ బతికాయి. వాటితో నేర్చుకున్నదీ, ఆ తర్వాతి కాన్పులో దిద్దుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో కుందేలు తొలిచూలుతో ఉంటే ఇప్పుడే చదివి పెట్టుకోండి. పుట్టాక చదివే తీరిక ఉండదు.

పుట్టకముందు చేయాల్సినవి

కుందేలు 30 నుంచి 32 రోజులు మోస్తుంది. జత కట్టిన తేదీ తెలిస్తే 28వ రోజున గూడు పెట్టె పెట్టండి. వారం ముందే పెడితే అది దాన్ని మరుగుదొడ్డి చేసుకుంటుంది. తేదీ తెలియకపోతే దాని వాలకం చూడండి. నోటి నిండా గడ్డి కరుచుకుని, రెండు పక్కలా పెద్ద మీసాలు వేలాడుతున్నట్టు బోనంతా తిరుగుతుంటే, ఇక దగ్గర పడిందన్నమాట. పొట్ట మీదా గడ్డం కిందా బొచ్చు పీక్కోవడం మొదలుపెడితే గంటల్లోకి వచ్చినట్టే. అయితే తొలిచూలు కుందేళ్లు కొన్ని ఇవేవీ చేయవు. దూది పేరుకే దూది, ఒక్క పోగు కూడా పీక్కోలేదు.

పెట్టె మరీ పెద్దది వద్దు. తల్లి లోపలికి వెళ్లి ఒకసారి తిరగగలిగితే చాలు. మధ్యరకం కుందేలుకు 45 సెంటీమీటర్ల పొడవు, 25 నుంచి 30 వెడల్పు సరిపోతుంది. పెద్ద పెట్టె అయితే పిల్లలు మూలకొకటిగా చెదిరి చల్లబడతాయి, పైగా తల్లి అందులోనే కాపురం పెట్టి వాటిని తొక్కేస్తుంది. ముందు గోడ 15 సెంటీమీటర్లయినా ఉండాలి, ఎందుకో కింద చెబుతాను. అడుగున తేమ దిగడానికి చిన్న చిన్న రంధ్రాలు, వాటి మీద మెత్తటి ఎండుగడ్డి మందంగా. వెనకవైపు పిడికిలితో నొక్కి గిన్నెలా గుంట చేయండి. పిల్లలు పొర్లి పొర్లి ఆ గుంటలోకే చేరతాయి.

ఇంకో సంగతి, చాలామంది మరిచేది. మగ కుందేలును పిల్లలు పుట్టకముందే వేరే చోటికి మార్చేయండి. కుందేలుకు జత కట్టడమే అండం విడుదలకు కారణమవుతుంది. పిల్లలు పెట్టిన కొద్ది గంటలకే అది మళ్లీ కడుపుతో కావచ్చు. మొదటి కాన్పుకే తడబడుతున్న తల్లికి, పాలిస్తూనే మరో కడుపు అంటే పెద్ద శిక్ష.

మొదటి గంట

కుందేలు కాన్పు తొందరగా అయిపోతుంది, చాలాసార్లు అరగంటలోపే. అందుకని మీరు చూసేసరికే అంతా అయిపోయి ఉంటుంది. తల్లికి ఇష్టమైన ఆకు ఏదో ఒకటి ఇచ్చి పక్కకు మళ్లించండి, లేదా కాసేపు వేరే బోనులో పెట్టండి. చేతులు కడుక్కుని, దాని గడ్డిలోనే ఆ చేతులు రుద్దుకోండి. మనిషి వాసన తగిలితే తల్లి పిల్లల్ని చంపేస్తుందని మా ఇంట్లోనూ భయపెట్టారు. పెంపుడు కుందేలు విషయంలో అది ఉత్త మాట. మీ చేతి వాసనకు అది అలవాటు పడే ఉంటుంది. అసలు ముట్టుకోకుండా వదిలేసినందువల్ల పోయే పిల్లలే ఎక్కువ.

అన్ని పిల్లల్నీ ఏరండి. జాలీ కిందున్న ట్రేలో, నీళ్ల గిన్నె వెనక, గడ్డి కుప్ప అడుగున కూడా వెతకండి. నాకు ఆరో పిల్ల ట్రేలో దొరికింది. చచ్చినవాటినీ మాయ ముక్కల్నీ రక్తం అంటిన గడ్డినీ తీసేయండి. మాయను తల్లి తినడం మామూలే. కానీ అనుభవం లేని తల్లి మాయ తింటూ తింటూ పిల్ల చెవినో కాలినో కొరికేయడం కూడా జరుగుతుంది. అది క్రూరత్వం కాదు, ఎక్కడ ఆపాలో తెలియకపోవడం. నీళ్లు అందుబాటులో లేకపోయినా, కుక్కలో ఇంట్లోని చిన్నపిల్లలో చుట్టూ గోల చేస్తున్నా ఇలాంటివి ఎక్కువవుతాయి. అందుకే ఆ రోజు నీళ్ల గిన్నె నిండుగా ఉండాలి, గదిలో సందడి ఉండకూడదు.

ఇప్పుడు చల్లబడ్డ పిల్లల సంగతి. కదలిక లేకుండా, బూడిదరంగుకు తిరిగి, చల్లగా తగిలే పిల్ల చచ్చిపోయిందని వెంటనే తీర్మానించుకోకండి. బాగా వెచ్చబెట్టిన తర్వాత కూడా కదలకపోతేనే పోయినట్టు. నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది. ఒక గిన్నెలో పసిపిల్లకు స్నానం చేయించేంత వేడి నీళ్లు, అంటే 38 నుంచి 40 డిగ్రీలు, తీసుకుంటాను. పిల్ల తల పైకి ఉండేలా రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెడ దాకా నీళ్లలో ఉంచుతాను. రెండు మూడు నిమిషాల్లో ఒళ్లు గులాబీరంగుకు తిరుగుతుంది, కాళ్లు ఆడిస్తుంది. అప్పుడు తీసి మెత్తటి బట్టతో పూర్తిగా, మడతల్లో కూడా, తడి లేకుండా ఒత్తుతాను. తడి పిల్ల మళ్లీ ఇట్టే చల్లబడుతుంది. నీళ్లంటే భయమైతే పిల్లను మీ ఒంటికి ఆనించి బట్టల లోపల పెట్టుకోండి, అరగంట పట్టినా సరే. వేడినీళ్ల సీసాను మందపాటి తువ్వాలులో చుట్టి పక్కన పెట్టడమూ మంచిదే. సీసాను పిల్లకు నేరుగా తగిలించొద్దు, చర్మం కాలుతుంది. పెట్టెలో ఒక పక్కనే పెడితే, ఎక్కువైనప్పుడు పిల్ల జరగడానికి చోటుంటుంది.

ఆ పిల్ల చురుగ్గా కదిలి, చేతిలో వెచ్చగా తగిలేదాకా నోట్లో ఏమీ పోయొద్దు. చల్లటి ఒంట్లో జీర్ణం ఆగిపోతుంది, మింగడం రాదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నా మొదటి పిల్ల అలాగే పోయిందని ఇప్పటికీ అనుకుంటాను.

వెచ్చబడ్డవన్నింటినీ గుంటలో ఒకదాని మీద ఒకటి చేర్చి పైన బొచ్చు కప్పాలి. తల్లి బొచ్చు పీక్కోకపోతే మీరు తీయొచ్చు. కాన్పు దగ్గరపడే సరికి పొట్ట మీది బొచ్చు వదులై ఉంటుంది, వేళ్లతో తేలిగ్గా లాగితే చేతిలోకి వచ్చేస్తుంది, దానికి నొప్పి ఉండదు. పనిలో పనిగా చనుమొనలు బయటపడతాయి, పిల్లలకు తాగడం సులువవుతుంది. చాలకపోతే వాసన లేని తెల్ల టిష్యూ కాగితం సన్నగా చించి వాడండి. మెడికల్ దూది వాడొద్దు. దాని పోగులు పిల్లల కాళ్లకూ మెడకూ చుట్టుకుని బిగుసుకుంటాయి.

పట్టించుకోని తల్లిలా కనిపిస్తుంది

ఆ రోజంతా దూది పెట్టె దగ్గరికే వెళ్లలేదు. మా అత్తయ్య మధ్యాహ్నం నుంచీ కుర్చీ వేసుకుని కాపలా కాసి, చివరికి విసుగొచ్చి, "ఇదేం తల్లే, పిల్లల మొహమైనా చూడదు!" అంది. నాకూ అదే బెంగ. పిల్లితోనో కుక్కతోనో పోల్చుకుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

కుందేలు తీరు వేరు. పెంపుడు కుందేళ్లకు మూలమైన ఐరోపా అడవి కుందేలు పిల్లల కోసం విడిగా ఓ చిన్న బొరియ తవ్వి, లోపల గడ్డీ బొచ్చూ పరిచి, పిల్లల్ని పెట్టాక దాని నోరు మట్టితో మూసేసి వెళ్లిపోతుంది. రోజుకు ఒక్కసారి, ఎక్కువగా చీకటి వేళ, వచ్చి మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి, మళ్లీ మూసేసి పోతుంది. పిల్లల దగ్గరే కూర్చుంటే తన వాసన పట్టి నక్కలాంటివి వస్తాయి కాబట్టి, దూరంగా ఉండడమే దాని కాపలా. బోనులో పుట్టి పెరిగిన కుందేలుకూ ఈ గుణం పోలేదు. అది పిల్లల మీద పడుకోదు. తప్పిపోయిన పిల్లను నోట కరుచుకుని తెచ్చుకోదు. మన కళ్లెదుట పాలివ్వదు కూడా.

ఆ కొద్ది నిమిషాలు సరిపోయేలా ఆ పాలూ ఉంటాయి. కొవ్వూ మాంసకృత్తులూ ఆవుపాలలో కన్నా దాదాపు మూడు రెట్లు. పిల్ల ఒక్క పూటలో తన బరువులో ఐదో వంతు దాకా తాగేస్తుంది. కళ్లు కనబడకపోయినా క్షణాల్లో చనుమొన పట్టేస్తుంది. తల్లి చన్నుల నుంచి వచ్చే ఒక ప్రత్యేక వాసనే దానికి దారి చూపిస్తుందని 2003లో శాస్త్రవేత్తలు ఆ పదార్థాన్ని గుర్తించి చెప్పారు. అందుకే పాలిచ్చే రోజుల్లో తల్లి పొట్టకు పౌడరు రాయకండి, సుగంధమున్న తడి టిష్యూలతో తుడవకండి.

మొదటి రోజు పాలు ఇవ్వకపోతే వెంటనే బాటిల్ అందుకోవద్దు. దూడకు పుట్టగానే ముర్రుపాలు పట్టకపోతే ప్రమాదం. కుందేలు పిల్లలకు రోగనిరోధక శక్తి చాలా వరకు కడుపులో ఉండగానే అందుతుంది. వెచ్చగా ఉంటే మొదటి 24 గంటలు పాలు లేకపోయినా అవి తట్టుకుంటాయి. చాలామంది తొలిచూలు తల్లులకు పాలు పడడానికి ఆ ఒక్క రోజు కావాలి, అంతే.

పొట్ట చూస్తే తెలుస్తుంది

తల్లి పాలిస్తోందా లేదా అని కాపలా కాసి లాభం లేదు. రోజూ పొద్దున్నే పిల్ల పొట్ట చూడండి. పాలు తాగిన పిల్ల పొట్ట ఊదిన చిన్న బెలూన్‌లా గుండ్రంగా ఉంటుంది. మొదటి రోజుల్లో చర్మం ఎంత పలచగా ఉంటుందంటే, లోపలి పాలు తెల్లగా పైకే కనిపిస్తాయి. ఒళ్లు నిగనిగలాడుతుంది, ముట్టుకుంటే ఒకసారి కదిలి మళ్లీ నిద్రపోతుంది. ఆకలిగా ఉన్న పిల్ల పొట్ట లోపలికి పోయి, చర్మం ముసలివాళ్ల చర్మంలా ముడతలు పడి ఉంటుంది. చెయ్యి పెట్టగానే మూతి పైకెత్తి మీ వేళ్లలో వెతుక్కుంటుంది, కీచుమంటుంది.

దూది పిల్లలకు మొదటి పొద్దున పొట్టలు ఖాళీ. రెండో పొద్దున రెండింటికి నిండుగా ఉన్నాయి, మూడోదానికి సగం. మా అత్తయ్యను లేపి మరీ చూపించాను.

కళ్లను నమ్మని రోజులుంటాయి కాబట్టి తూకం వేయండి. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. ఒక గిన్నెలో మెత్తటి బట్ట వేసి, దాన్ని సున్నా చేసి, రోజూ ఒకే వేళకు తూచి నోటుబుక్కులో రాయండి. మధ్యరకం జాతి పిల్ల పుట్టినప్పుడు 50 గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. వారానికి ఆ బరువు దాదాపు రెట్టింపు కావాలి. నా మొదటి నోటుబుక్కులో మొదటి రోజు అంకెలు 54, 50, 36. ఏడో రోజు 107, 98, 61. ఆ 36 గ్రాములదానికి నలుసు అని పేరు పెట్టాం. మిగతా రెండూ పొద్దుటికి పెరిగి కనిపిస్తుంటే, నలుసు ఒక్కోరోజు రెండు గ్రాములు తగ్గేది కూడా. ఒక రోజు తగ్గితే ఫర్వాలేదు. వరసగా రెండో రోజూ తగ్గితే మాత్రం చూస్తూ కూర్చోవద్దు. మరుగుజ్జు జాతుల్లో ఇంకోటుంది. రెండు మరుగుజ్జు జన్యువులూ కలిసిన పిల్ల పెద్ద తలతో, చిట్టి చెవులతో, మరీ చిన్నదిగా పుడుతుంది. మీరు ఏం చేసినా అది కొన్ని రోజులకు మించి బతకదు. దాని కోసం మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

తల్లి చేత పాలిప్పించడం

పిల్ల పుట్టి 24 గంటలు దాటినా పొట్టలు ఖాళీగానే ఉంటే తల్లిని పట్టుకోవాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం చీకటి పడే వేళ ఒకసారి. పిల్లలు వెచ్చగా, మేలుకుని ఉండాలి. తల్లిని పెట్టెలో పిల్లల మీదుగా నిలబెట్టండి. ఒక అరచెయ్యి భుజాల మీద, ఇంకోటి తుంటి వెనక ఆనించి, బయటికి దూకకుండా మాత్రమే ఆపండి. బలంగా నొక్కితే అది పెనుగులాడి పిల్లల్ని తొక్కుతుంది. కళ్ల మీద చెయ్యి కప్పి నుదుటి మీద నిదానంగా రాస్తే చాలావరకు సర్దుకుంటుంది. కింద చప్పరింపు శబ్దం వినిపిస్తే పని అయినట్టే. ఐదు నుంచి పది నిమిషాలు ఉంచితే చాలు.

ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి పిల్లల్ని పొట్ట మీద పెట్టేవాళ్లూ ఉన్నారు. నాకది నచ్చదు. వెల్లకిలా పడితే కుందేలు భయంతో బిగుసుకుపోతుంది, అది నెమ్మదించడం కాదు. ఇక చెవులు పట్టి ఎత్తడం అస్సలు పనికిరాదు. వెనక కాళ్లు గాల్లో విసిరితే తన నడుము తానే విరగ్గొట్టుకోగలదు. ఎత్తేటప్పుడు రొమ్ము కింద ఒక చెయ్యి, వెనక భాగం కింద ఒక చెయ్యి తప్పనిసరి.

మూడు నాలుగు రోజులు ఇలా చేస్తే చాలామంది తల్లులకు సంగతి అర్థమవుతుంది. దూదిని నేను రెండు పూటలే పట్టుకున్నాను. మూడో పూటకు నేను వెళ్లేసరికి అది పెట్టెలోంచి బయటికి వస్తూ కనిపించింది, నన్ను చూసి కాలు నేలకేసి కొట్టింది కూడా.

ఇంట్లో రెండు మూడు రోజుల తేడాతో పిల్లలు పెట్టిన ఇంకో కుందేలు ఉంటే అదే అన్నిటికన్నా మంచి దారి. దాని గూటి బొచ్చులో మీ పిల్లల్ని కాసేపు పొర్లించి దాని పిల్లల మధ్యలో పెట్టండి. కుందేళ్లు ఈ విషయంలో పట్టింపు లేనివి. అయితే చన్నులు వాచిన తల్లి పిల్లల్ని మాత్రం ఇంకో తల్లి దగ్గర పెట్టొద్దు, ఆ జబ్బు దీనికీ అంటుతుంది.

సిరంజి పాలు: వేరే దారి లేనప్పుడే

తల్లి చనిపోయినా, పాలే లేకపోయినా మాత్రమే ఇక్కడికి రండి. చేతితో పెంచిన పసికూనల్లో పోయేవి ఎక్కువ, ముందే తెలుసుకోండి. పిల్లి పిల్లల కోసం అమ్మే పాలపొడి దీనికి దగ్గరగా ఉంటుంది. అది దొరికేదాకా మేకపాలతో గడపొచ్చు. ఆవుపాలు, మనం తాగే ప్యాకెట్ పాలు వద్దు.

మధ్యరకం జాతి పిల్లకు కొలతలు చెబుతాను. పుట్టిన రోజుల్లో రోజు మొత్తానికి 5 మిల్లీలీటర్లు, వారానికి 12 నుంచి 15, రెండు వారాలకు 25 నుంచి 27, మూడు వారాలకు 30. ఇదంతా రెండు పూటలుగా. అంటే కొత్తగా పుట్టినదానికి పూటకు రెండున్నర మిల్లీలీటర్లే. చిన్న జాతికి ఇంకా తక్కువ. ఇంతేనా అని జాలిపడి ఎక్కువ పోస్తే పొట్ట ఉబ్బి చస్తుంది. మణికట్టు మీద వేస్తే వేడీ చల్లా తెలియని వెచ్చదనం ఉండాలి. 1 మిల్లీలీటరు సిరంజి తీసుకుని, పిల్లను బట్టలో చుట్టి, తల పైకి ఉండేలా నిటారుగా పట్టుకోండి, మనిషి బిడ్డలా వెల్లకిలా వద్దు. పెదవి పక్కన ఒక్కో చుక్క పెడితే అదే నాకుతుంది. మీరు తోస్తే ముక్కులోంచి పాలు వస్తాయి. అలా వస్తే ఆపి, తల కిందికి వంచి, ముక్కు తుడవండి.

తాగించాక ఒక పని మిగిలే ఉంటుంది. ఈ వయసులో కొన్ని తమంతట తాము మూత్రం పోయలేకపోవచ్చు. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన దూదితో పొట్ట కింది నుంచి తోక వైపు మెల్లగా తుడవండి. చుక్కలు వచ్చి ఆగేదాకా. కళ్లు తెరిచేదాకా రోజూ ప్రతి పూటా ఇదే.

నలుసుకు నేను పూర్తిగా సిరంజి పాలు పట్టలేదు. పొద్దున మిగతా రెండింటినీ పక్కన పెట్టి, దూది కింద నలుసు ఒక్కదాన్నే ఐదు నిమిషాలు ఉంచేదాన్ని. తల్లికి ఎనిమిదో పదో చన్నులున్నా, బలమైన పిల్లలు ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూ బక్కదాన్ని తోసేస్తాయి. ఆ ఐదు నిమిషాల ఏకాంతమే దాన్ని నిలబెట్టింది.

మొదటి పదిహేను రోజుల్లో గూడు

పెట్టెలో బొచ్చు కుప్ప గాలి పీలుస్తున్నట్టు పైకీ కిందికీ కదులుతుంటే లోపల అన్నీ బాగున్నాయి. పిల్లలు గుట్టగా ఒకదాని కిందికి ఒకటి దూరుతుంటే చలి. విడివిడిగా పడుకుని, ఒళ్లు ఎర్రబడి తడిగా అనిపిస్తే వేడి ఎక్కువైంది, పైబొచ్చు కొంత తీసి డబ్బాలో దాచుకోండి. తీసింది పారేయకండి, రాత్రికి కావాల్సి రావచ్చు.

రోజూ గూడంతా మార్చే శుభ్రత అక్కర్లేదు. తడిసిన గడ్డి తీసి పొడి గడ్డి వేస్తే చాలు. లోపల తల్లి వేసిన నాలుగైదు పెంటికలు కనిపిస్తే ఏరిపారేయకండి. పాలివ్వడానికి వచ్చినప్పుడు అది వాటిని అక్కడే వదిలిపోతుంది, పిల్లలు పెరిగేకొద్దీ వాటిని కొరుకుతాయి. నేను మొదటిసారి రోజూ పట్టకారుతో ఏరేదాన్ని, ఎంత శ్రమో. చీమలు మాత్రం చూసుకోండి. పాల వాసనకు వస్తాయి, పారిపోలేని పిల్లల్ని కుట్టి చంపుతాయి. బోను కాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉంచండి. ఎలుకలు దూరే సందులు మూయండి.

ముందు గోడ ఎత్తు సంగతి చెబుతానన్నాను కదా. పాలిచ్చిన తల్లి ఉన్నట్టుండి దూకి వెళ్లిపోతుంది. చన్ను వదలని పిల్ల దాంతోపాటే వేలాడుతూ బయటికి వచ్చి పడుతుంది. గోడ ఎత్తుగా ఉంటే దానికి తగిలి లోపలే రాలుతుంది. పదిరోజులలోపు పిల్ల ఎప్పుడు బయట కనిపించినా అది చల్లబడిందనే లెక్క, వెచ్చబెట్టి లోపల పెట్టండి. తల్లి తీసుకెళ్లదు.

నాలుగైదు రోజులకు పట్టులాంటి నూగు వస్తుంది. 10 నుంచి 12 రోజులకు కళ్లు తెరుస్తాయి. 12వ రోజు దాటినా ఒక కన్ను అంటుకునే ఉంటే, కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో మెత్తబరిచి, రెప్పల అంచు మెల్లగా తుడవండి, లాగొద్దు. లోపల చీము కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆలస్యమైతే చూపు పోతుంది.

తల్లిని మరిచిపోవద్దు

అందరం పిల్లల చుట్టూ తిరుగుతూ తల్లి గిన్నె ఖాళీ అయిన సంగతి చూసుకోం. పాలిచ్చే కుందేలుకు గడ్డి, పెల్లెట్లు (దాణా గుళికలు) కావలసినంత ఉండాలి, నీళ్లు ఎప్పుడూ ఉండాలి. మూడో వారానికి పాలు ఎక్కువలో ఎక్కువ ఉంటాయి, అప్పుడు అది తాగే నీళ్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

రెండు రోజులకోసారి చన్నులు తడిమి చూడండి. మెత్తగా, గోరువెచ్చగా ఉండాలి. గట్టిపడి, వేడెక్కి, ఎర్రగానో నీలంగానో కనిపిస్తే అది చన్ను వాపు జబ్బు. తల్లి తిండి మానేస్తుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వదు. ఇంట్లో చిట్కాలు చేస్తూ కూర్చోవద్దు, అదే రోజు డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ లాంటి మాత్రలు నోటి ద్వారా కుందేలుకు ఎప్పుడూ ఇవ్వకండి. దాని పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, కుందేలే చచ్చిపోతుంది. కుందేళ్లు చూసే అనుభవమున్న డాక్టరు ఎవరో కాన్పుకు ముందే కనుక్కుని పెట్టుకోవడం మంచిది. కుందేలు సగం రోజు ఏమీ తినలేదంటే, కారణం ఏదైనా, అది ఎమర్జెన్సీయే.

మూడో వారం నుంచి

పిల్లలు పెట్టె దూకి బయటికి రావడం మొదలుపెట్టాక, 18 నుంచి 21 రోజుల మధ్య, పెట్టె తీసేయొచ్చు. అప్పటికి గడ్డి పోగులు కొరుకుతుంటాయి. తల్లి తినే గడ్డీ పెల్లెట్లూ వాటికీ సరిపోతాయి. పచ్చి ఆకులు మాత్రం తొందరపడి పెట్టొద్దు. ఈ వయసులో పాల నుంచి గడ్డికి మారుతున్న పేగులు చాలా సున్నితం. నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా విరేచనాలు కనిపిస్తే గంటలు లెక్క. రేపు చూద్దాం అనుకుంటే రేపటికి పిల్ల ఉండదు. పాలు మాన్పించడం ఆరు నుంచి ఎనిమిది వారాలకు. అప్పుడు కూడా పిల్లల్ని పాత చోటనే ఉంచి తల్లిని మార్చండి. చోటూ తల్లీ రెండూ ఒకేసారి పోతే బెంగకే విరేచనాలు పట్టుకుంటాయి.

ఆడా మగా చూసి పది, పన్నెండు వారాలలోపే విడదీయాలి. చిన్నప్పుడు తేడా పట్టుకోవడం కష్టం, అందుకే ఒకసారి చూసి వదిలేయకుండా వారానికోసారి చూడండి. నలుసును మేం ఆరో వారంలో ఆడపిల్లగా తేల్చాం. అక్కతో కలిపి ఒకే బోనులో పెట్టాం. మా అత్తయ్య దానికి కాలి మువ్వ కూడా కడతానంది. తొమ్మిదో వారంలో మళ్లీ తిప్పి చూస్తే మగది. ఆ మధ్యాహ్నమే దాని బోను మారింది.